పాటకు పరిష్కర్త ఎవరు? – టాపిక్ రికార్డ్స్ చరిత్రలో జానపద గేయ పాఠసమస్య

ఉపోద్ఘాతం

ప్రాచీన కావ్యానికి పరిష్కర్త ఉంటాడు. దొరికిన తాళపత్ర ప్రతులను దగ్గర పెట్టుకొని, పాఠాంతరాలను పోల్చి, ప్రక్షిప్తాలను గుర్తించి, ఒక పాఠాన్ని నిర్ణయించి, దానికి పీఠిక రాసి ముద్రణకు ఇస్తాడు. ఆ పాఠం ఏ ప్రతినుంచి వచ్చిందో, దానినే ఎందుకు స్వీకరించాడో పీఠికలో చెప్పవలసిన బాధ్యత ఆయనది. ధ్వనిముద్రిత గేయం విషయంలో మాత్రం ఈ ప్రశ్నను మనం అంతగా వేయం. గాయకుడి గొంతు నేరుగా చెవిన పడుతూ ఉంటుంది కాబట్టి, పాటకూ శ్రోతకూ నడుమ ఎవరూ లేరనిపిస్తుంది. రికార్డును మూలప్రతిగా స్వీకరించి వ్యాసాల్లో ఉదాహరిస్తాం. ఆ మూలప్రతికి కూడా ఒక పరిష్కర్త ఉన్నాడేమో అని వెదకం.

ఈ ధోరణిని పరీక్షించడానికి టాపిక్ రికార్డ్స్ అనే చిన్న బ్రిటిష్ సంస్థ చరిత్ర చాలా అనువైనది. 1939లో పుట్టి నేటికీ కొనసాగుతున్న ఈ సంస్థకు బ్రిటన్‌లోని స్వతంత్ర రికార్డు సంస్థలన్నింటిలో ప్రాచీనమైనదిగా పేరుంది. ఇక్కడ స్వతంత్రమంటే ఇ.ఎం.ఐ., డెక్కా వంటి మహాసంస్థల అజమాయిషీలో లేనిదని అర్థం. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు జానపద గేయాల గురించి ఈ రోజు ఎవరు పరిశోధన చేసినా ఏదో ఒక దశలో టాపిక్ రికార్డును ముట్టుకోక తప్పదు. ఆ రికార్డులు ఏ మేరకు సేకరణలు, ఏ మేరకు రచనలు అన్నది ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న. సంస్థ చరిత్రను సంవత్సరాల వారీగా పూర్తిగా చెప్పడం నా ఉద్దేశం కాదు. పాఠసమస్య ఎక్కడ తలెత్తిందో అక్కడే ఎక్కువసేపు నిలుస్తాను.

లక్క రికార్డుల కాలం

1936లో లండన్‌లో కార్మికోద్యమ గాయక బృందాల చొరవతో వర్కర్స్ మ్యూజిక్ అసోసియేషన్ ఏర్పడింది. స్వరకర్త అలన్ బుష్ దాని స్థాపకుల్లో ప్రముఖుడు, బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. సంగీతం శ్రామికులను సంఘటితం చేసే సాధనమన్నది ఆ సంఘం నమ్మకం. స్వరప్రతులను అచ్చువేయడం, బృందగానం నేర్పడం దాని పనులు. మూడేళ్ళకు, అంటే యుద్ధం మొదలైన 1939లోనే, అది టాపిక్ రికార్డ్ క్లబ్ పేరుతో ఒక చందా పథకాన్ని ప్రారంభించింది. అంగడిలో అమ్మడం కాక, చందా కట్టిన సభ్యులకు రికార్డులను టపాలో పంపడం దాని పద్ధతి. పత్రికకు చందాదారులున్నట్టే పాటకూ చందాదారులుండేవారన్న మాట.

మొదటి రికార్డులో ఒకవైపు ప్యాడీ ర్యాన్ పాడిన హాస్యగేయం, రెండవవైపు అంతర్జాతీయ శ్రామికగీతం. కార్మికులు తాగే బీరులో నీళ్ళు కలిపే యజమాని తన ఘనకార్యాన్ని తానే చెప్పుకోవడం ఆ హాస్యగేయ వస్తువు. ప్యాడీ ర్యాన్ అన్నది ఒక వైద్యుడు పెట్టుకున్న మారుపేరు. తరవాతి కాలంలో జానపద గేయాలకు పర్యాయపదంగా మారిన ఈ సంస్థ తొలి రికార్డులో సంప్రదాయసిద్ధమైన పాట ఒక్కటీ లేదన్న సంగతి గమనించదగినది. ఒకటి వైద్యుడి అధిక్షేపం, రెండవది ఉద్యమగీతం. సంస్థకు జానపదం మీద ప్రేమ పుట్టుకతో రాలేదు. మొదట రాజకీయం, ఆ రాజకీయానికి తగిన పాట కోసం వెదుకులాట, ఆ వెదుకులాటలో జానపదం. ఈ క్రమాన్ని మరచిపోతే తరవాతి పరిణామాలు అర్థంకావు.

ఆనాటి రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. వాటి తయారీలో ముఖ్యమైన ముడిసరుకు లక్క. ఆ లక్కలో అధికభాగం మన దేశంనుంచే వెళ్ళేది. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల కొమ్మలమీద లక్కపురుగు పెట్టిన గూడు కలకత్తా మీదుగా ఓడలెక్కి బ్రిటన్ చేరి, అక్కడ పాటను మోసే పళ్ళెంగా మారేది. ఆ కొమ్మలను కొట్టి లక్క గీసిన ఆదివాసుల పాట ఎవరు రికార్డు చేశారన్నది వేరే చర్చ. యుద్ధకాలంలో లక్క దిగుమతికి ఇబ్బంది ఏర్పడి రికార్డుల తయారీ బాగా తగ్గింది. పెద్ద సంస్థలే పొదుపు పాటించవలసివచ్చిన ఆ రోజుల్లో చందాలమీద బతికే క్లబ్ గురించి చెప్పేదేముంది! పార్శ్వానికి మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టని ఆ రికార్డుల్లో సుదీర్ఘమైన కథాగేయానికి చోటు లేదు. బృందగానాలు, సోవియట్ గాయక బృందాల పాటలు, సమయోచిత గేయాలు మాత్రమే వాటిలో ఇమిడేవి. దీర్ఘకాలం మోగే సూక్ష్మరేఖ రికార్డులు 1950లలో వ్యాప్తిలోకి వచ్చాకనే, పదీ ఇరవై చరణాల పాటను పూర్తిగా వినిపించడం సాధ్యమైంది. పాఠచర్చకు ఈ సాంకేతిక విషయం అప్రధానం కాదు. పత్రం పొడవు పద్యాన్ని నిర్ణయించకపోవచ్చు గాని, పళ్ళెం వెడల్పు పాట నిడివిని నిర్ణయించింది.

ఇద్దరు పరిష్కర్తలు, ఒక ధ్వనిగ్రాహకుడు

యుద్ధానంతరం సంస్థకు దిశానిర్దేశం చేసినవారు ఎ. ఎల్. లాయిడ్, ఈవన్ మకోల్. లాయిడ్ 1908లో లండన్‌లో పుట్టాడు. కుటుంబం చిన్నాభిన్నమై, చిన్నవయసులోనే ఆస్ట్రేలియా వెళ్ళి, గొర్రెల మందల దగ్గర కూలిపని చేస్తూ అక్కడి పాటలను నేర్చుకొన్నాడు. తిరిగివచ్చాక తిమింగలాల వేట ఓడలోనూ పనిచేశాడు. బడిచదువు తక్కువ, స్వయంకృషితో సంపాదించిన పాండిత్యం ఎక్కువ. ఇంగ్లీషు జానపద గేయాన్ని సామాజిక చరిత్ర దృష్టితో వివరించిన ఆయన చిన్న పుస్తకం 'ది సింగింగ్ ఇంగ్లిష్‌మన్' 1944లో ఈ సంగీత సంఘం ప్రచురణగానే వెలువడింది. మకోల్ 1915లో సాల్ఫర్డ్‌లో స్కాట్లండు తల్లిదండ్రులకు పుట్టిన జేమ్స్ మిల్లర్. వీధినాటకంనుంచి పాటకు వచ్చినవాడు, పేరు కూడా మార్చుకున్నవాడు. ఇద్దరూ కమ్యూనిస్టులే. పల్లెలో ముసలివాళ్ళ నోట మిగిలిన అందమైన శిథిలం జానపద గేయమని సెసిల్ షార్ప్ తరంవారు అనుకొన్నారు. వీరిద్దరికీ అది శ్రమజీవి సజీవ వాక్కు.

మకోల్ పాడిన 'షటిల్ అండ్ కేజ్' 1957లో వచ్చింది. నేతగాడి చేతిలోని నాడె, గనిలోకి మనుషులను దింపే పంజరం ఆ పేరులో ఉన్నాయి. జానపదమంటే నాగలి, గొర్రెలు, వసంతం అనుకొన్న వారికి మరమగ్గమూ బొగ్గుగనీ కూడా జానపదమేనని చెప్పిన తొలి రికార్డుల్లో ఇది ఒకటి. మకోల్ సైనికుల పాటల రికార్డు పేరు 'ది బందూక్ బ్యాలడ్స్'. భారతదేశంలో కొలువు చేసిన తెల్ల సిపాయిలు ఇక్కడి బజారుభాషనుంచి మోసుకుపోయిన మాట అది. తుపాకికి వారు వాడుకున్న పేరు పాటల సంపుటికి శీర్షిక అయింది. వలసపాలన నిఘంటువుల్లోకి ఎక్కించిన మాటలకన్నా సిపాయిల నోటిమీద ఎక్కిన మాటలు ఎక్కువకాలం బతికాయని నాకు అనిపిస్తుంది.

ఈ పాటలను టేపుకు ఎక్కించినవాడు బిల్ లీడర్. ఆనాటి టాపిక్ రికార్డుల్లో చాలావాటికి పెద్ద స్టూడియో లేదు. లండన్ కామ్డెన్ టౌన్‌లోని లీడర్ నివాసమే ధ్వనిముద్రణశాల అయింది, లేదంటే ఆయనే యంత్రాన్ని మోసుకొని గాయకుల ఇళ్ళకు వెళ్ళేవాడు. వ్యాపార వ్యవహారాలను జెర్రీ షార్ప్ చూసేవాడు. 1950ల చివరినుంచి సంస్థ క్రమంగా మాతృసంఘంనుంచి వేరుపడి తనకాళ్ళ మీద నిలబడింది. ఆ కాలంలో నూరుకు లోపు ప్రతులు మాత్రమే తయారుచేస్తే బ్రిటన్‌లో కొనుగోలు పన్ను పడేది కాదు. అందుకని చిన్న సంస్థలు తొంభైతొమ్మిది ప్రతులతో సరిపెట్టుకోవడం మామూలు. ఒక జాతి పాటల చరిత్రకు ఆధారమని మనం భావించే వస్తువులు ఒక్కొక్కసారి ఒక తరగతిగదిలోని విద్యార్థుల సంఖ్యకు మించని ప్రతులతో పుట్టాయి.

'ది ఐరన్ మ్యూజ్': కూర్చిన పాఠం

1963లో వెలువడిన 'ది ఐరన్ మ్యూజ్' ఈ సంస్థ ప్రచురణల్లో అత్యంత ప్రభావశీలమైనదని చెప్పవచ్చు. పేరును ఇనుప వాగ్దేవి అనవచ్చు. పారిశ్రామిక జానపద గేయాల విశాలదృశ్యం అన్నది దాని ఉపశీర్షిక. కూర్పు లాయిడ్‌ది. అన్ బ్రిగ్స్, లూయీ కిలెన్, రే ఫిషర్, బాబ్ డావెన్‌పోర్ట్, మాట్ మగిన్ మొదలైనవారు పాడారు. గని ప్రమాదాలు, సమ్మెలు, మగ్గాల మూత, నౌకానిర్మాణ కర్మాగారం, కూలివాడి ఆదివారం ఇందులో వస్తువులు. గాయకులు చాలావరకు పునరుజ్జీవనోద్యమానికి చెందిన యువతీయువకులు. అంటే తాతలనుంచి వినికిడిగా కాక పుస్తకాలనుంచి, టేపులనుంచి, లాయిడ్ వంటి పెద్దలనుంచి పాట నేర్చుకొన్నవారు.

వీటిలో అన్ బ్రిగ్స్ ఏ వాద్యమూ లేకుండా పాడిన 'ది రిక్రూటెడ్ కోలియర్' పాఠసమస్యకు మంచి ఉదాహరణ. బొగ్గుగనిలో పనిచేసే ప్రియుడు మద్యం మత్తులో సైన్యంలో చేరిపోగా, వెనుక మిగిలిన యువతి చెప్పుకొనే దుఃఖం అందులో వస్తువు. బ్రిగ్స్ గొంతులో వినేవారికి అది గనికార్మికుల వాడలో పుట్టిన పాటేనని సందేహం కలగదు. లాయిడ్ దీనిని 1952లో వెలువరించిన 'కమ్ ఆల్ యె బోల్డ్ మైనర్స్' అనే గనిపాటల సంకలనంలో మొదట ప్రచురించాడు. జాతీయ బొగ్గు మండలి ప్రోత్సాహంతో 1951లో జరిగిన సేకరణనుంచి పుట్టిన సంకలనమది. పాట కంబర్లండ్‌లోని వర్కింగ్టన్ ప్రాంతపు గాయకుడినుంచి వచ్చినట్టు చెప్పాడు.

తరవాతి పరిశోధకులు, ముఖ్యంగా రాయ్ పామర్, ఈ పాట మూలాన్ని ముద్రిత గ్రంథంలో చూపించారు. కార్లైల్ నగరానికి చెందిన రాబర్ట్ అండర్సన్ 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో కంబర్లండ్ మాండలికంలో రాసిన గేయసంపుటిలో 'జెనీస్ కంప్లెయింట్' అనే గేయముంది. అదే యువతి, అదే దుఃఖం, చాలామేరకు అవే పాదాలు. తేడా ఒక్కటే, కాని అది ప్రాణంవంటి తేడా. అండర్సన్ గేయంలో సైన్యంలో చేరినవాడు గనికార్మికుడు కాడు. నాగలిని వదిలించి అతణ్ని గనిలోకి దించిన ఆ మార్పు ఎవరిది?

దీనికి రెండు సమాధానాలు సాధ్యం. మౌఖిక సంప్రదాయంలోనే, బొగ్గుగనులున్న ఆ ప్రాంతంలో, ఎవరో గాయకుడు తన పరిసరాలకు తగినట్టు పాటను మార్చుకొని ఉండవచ్చు. అలా మార్చుకోవడం జానపదానికి సహజమే, అది పాఠాంతరం అవుతుంది. లేదా లాయిడ్ తన సిద్ధాంతానికి తగిన పాట కావాలని తానే మార్చి ఉండవచ్చు. అప్పుడది ప్రక్షిప్తం. పాఠంలో జరిగిన మార్పులు కావ్యశిల్పం తెలిసిన ఒకే చేయి చేసినట్టు ఉండడంవల్ల పరిశోధకుల మొగ్గు రెండవ సమాధానంవైపే ఉంది. లాయిడ్ ఇతర పాటల విషయంలో ప్రవర్తించిన తీరు కూడా దానిని బలపరుస్తుంది. 'రేనార్డిన్' అన్న పాటనే చూడండి. పాత కరపత్రాల్లో కొండల్లో దాగిన దొంగగా కనిపించే నాయకుడు లాయిడ్ పాఠంలో నక్కరూపం ధరించే మాయావిగా మారాడు. ఆ మార్పులో లాయిడ్ చేతిని స్టీఫెన్ వినిక్ తన పరిశోధనలో వివరంగా చూపించాడు. బ్రిగ్స్ 1971లో టాపిక్‌కు పాడిన రికార్డులోనూ, అంతకుముందే ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం పాడిన పాటలోనూ వినిపించేది ఆ నక్కే. ఒక పరిష్కర్త కల్పన ఒక తరానికి ప్రాచీన విశ్వాసమైపోయింది.

దీనిమీద తీవ్రమైన విమర్శ వచ్చింది. డేవ్ హార్కర్ 1985లో వెలువరించిన 'ఫేక్‌సాంగ్' పుస్తకంలో, జానపద గేయమన్న భావనే మధ్యతరగతి సేకర్తలు శ్రామికుల సంస్కృతిమీద చేసిన కల్పన అని వాదించాడు. షార్ప్‌తోపాటు లాయిడ్‌నూ అదే గాటన కట్టాడు. జార్జీనా బోయెస్ 1993లో 'ది ఇమాజిండ్ విలేజ్'లో మరింత నిదానంగా, ఉద్యమం తనకు కావలసిన పల్లెను తానే ఊహించుకొన్నదని చూపించింది. హార్కర్ లేవనెత్తిన ప్రశ్న అవసరమైనదే. అయితే గొర్రెల కాపరిగా, వేట ఓడలో కూలిగా బతికిన లాయిడ్‌ను మధ్యతరగతి సేకర్తల వరుసలో నిలబెట్టడం నాకు సమంజసంగా తోచదు. పైగా పాటను మార్చడం తప్పయితే జానపద గాయకులందరూ తప్పు చేసినవారే. లాయిడ్ దోషం పాట రాయడంలో లేదు, పీఠికలో ఉంది. తాను చేసిన మార్పును తనదని చెప్పి ఉంటే ఆయన మంచి కవి అయ్యేవాడు. చెప్పకపోవడంవల్ల నమ్మదగని పరిష్కర్త అయ్యాడు. రికార్డు అట్టమీద ముద్రించే వ్యాఖ్యను అట్టపీఠిక అనవచ్చు. ఆ కాలపు శ్రోతకు పాట గురించి దొరికే ఏకైక ప్రామాణిక సమాచారం అదే. గ్రంథాలయానికి వెళ్ళి అండర్సన్ సంపుటిని తిరగేసే శ్రోత ఎక్కడుంటాడు?

1965లో వాటర్సన్ కుటుంబం పాడిన 'ఫ్రాస్ట్ అండ్ ఫైర్' కూడా ఈ సందర్భంలో చెప్పుకోదగినది. హల్ నగరానికి చెందిన మైక్, నోర్మా, లాల్ అనే ముగ్గురు తోబుట్టువులు, వారి బంధువు జాన్ హారిసన్ కలిసి, వాద్యాలు లేకుండా ఋతుచక్రాన్ని అనుసరించి పాడిన పాటలివి. ఉపశీర్షికలో ఆచారం, మంత్రం అన్న మాటలున్నాయి. లాయిడ్ అట్టపీఠికలో మాత్రం ఈ ఆచారాలు నిలిచి ఉండడానికి కారణం ఆర్థికజీవితంతో వాటికున్న సంబంధమేనన్న మార్క్సిస్టు వివరణ ఇచ్చాడు. శీర్షిక ఒకవైపు, పీఠిక ఒకవైపు లాగుతాయి. శ్రోతలు ఎక్కువగా శీర్షికనే నమ్మారు. ఇంగ్లీషు పండుగల్లో చాలావాటికి క్రైస్తవపూర్వ మూలాలను నిరూపించే ఆధారాలు లేవని చరిత్రకారుడు రొనాల్డ్ హటన్ తరవాత వివరించినా, ఆ రికార్డు కలిగించిన భావన మాత్రం చెరిగిపోలేదు. అంత బాగా పాడారు.

అతికిన పాఠం, అఖండమైన గొంతు

లాయిడ్ మార్గం ఒకటైతే, దానికి భిన్నమైన మరో సమస్య 'ది ఫోక్ సాంగ్స్ ఆఫ్ బ్రిటన్' అనే పది సంపుటాల్లో ఉంది. అమెరికాలో కమ్యూనిస్టు వ్యతిరేక వేధింపుల కాలంలో, 1950లో, ఐరోపాకు వచ్చిన అలన్ లోమాక్స్ లండన్‌లో కొన్నేళ్ళు గడిపాడు. బి.బి.సి. 1952నుంచి 1957వరకు జానపద సంగీతం, మాండలికాల ధ్వనిముద్రణకు ఒక పథకాన్ని నడిపింది. పీటర్ కెనడీ, షేమస్ ఎనిస్ మొదలైనవారు ఊరూరా తిరిగారు. లోమాక్స్, కెనడీల సంపాదకత్వంలో ఆ సేకరణల సారం 1961లో అమెరికాలోని కేడ్‌మన్ సంస్థనుంచి వెలువడింది. బ్రిటన్‌లో వాటిని 1960ల చివర టాపిక్ ప్రచురించింది. ఇక్కడ పాడినవారు నిజమైన సాంప్రదాయిక గాయకులే: రైతుకూలీలు, జాలరులు, సంచారజాతుల స్త్రీలు. వారి మాటల్లో ఎవరూ వేలు పెట్టలేదు. కాని సంపాదకులు టేపును కత్తిరించారు. చాలా పాటలను కుదించారు. కొన్నిచోట్ల ఒక ప్రాంతపు గాయని రెండు చరణాలు పాడగానే మరో ప్రాంతపు గాయకుడి గొంతు అందుకొంటుంది. రెండు మూడు పాఠాలను అతికి ఒక పాటగా వినిపించారు. ఒకే గేయం దేశమంతటా ఎలా వ్యాపించిందో చూపడానికి ఇది చక్కని ఉపాయమే. కాని ఆ రూపంలో ఆ పాటను ఏ మనిషీ ఎన్నడూ పాడలేదు. అక్షరం మార్చకుండానే పాఠాన్ని మార్చవచ్చుననడానికి ఇంతకన్న మంచి దృష్టాంతం ఉండదు. ముద్రిత సంకలనంలో ఇలాంటి మిశ్రపాఠాన్ని గుర్తించడం తేలిక. చెవికి మాత్రం కత్తెర గాటు తెలియదు.

సంస్థ చేసిన మరొక పని దీనికి విరుగుడువంటిది. ఒక గాయకుడికి ఒక రికార్డు మొత్తం కేటాయించడం. కార్క్ వీధుల్లో, సంతల్లో బాంజో వాయిస్తూ పాడుకొన్న మార్గరెట్ బారీ పాటలు, ఫిడేలు విద్వాంసుడు మైకేల్ గోర్మన్ వాద్యంతో కలిసి, 1957లో వచ్చాయి. అబర్డీన్‌కు చెందిన సంచారజాతి గాయని జీనీ రాబర్ట్‌సన్ దీర్ఘకథాగేయాలు వచ్చాయి. 1966లో 'సాంగ్స్ ఆఫ్ ఎ ష్రాప్‌షర్ ఫామ్ వర్కర్' పేరుతో ఫ్రెడ్ జోర్డన్ పాటలు వెలువడ్డాయి. శీర్షికలోనే గాయకుడి వృత్తి ఉంది. ఒక వ్యవసాయకూలీ పేరు, ఫొటో అట్టమీద కెక్కి, ఆయన గాననిధి ఆయన క్రమంలో వినిపించడం చిన్న విషయం కాదు. ఇలాంటి రికార్డులో శ్రోతకు దొరికేది ఒక పాట పాఠం మాత్రమే కాదు, ఒక మనిషి రుచి. ఏ పాటలు దాచుకొన్నాడు, సినిమాపాటనూ సంగీతశాల పాటనూ పాత కథాగేయం పక్కన ఎలా పెట్టుకొన్నాడు అన్నవి కూడా పరిశోధకుడికి ఆధారాలే. అలాంటి పాటలను సంపాదకులు మొదట వదిలేసేవారు, జానపదం కాదన్న కారణంతో.

నేను చూసిన ఒక విశ్వవిద్యాలయ శాఖలో క్షేత్రపర్యటన క్యాసెట్లు బీరువానిండా ఉన్నాయి. వాటిమీద ఊరి పేరు ఉంది, తేదీ ఉంది, సేకర్త పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. పాడినవారి పేర్లు చాలావాటిమీద లేవు. ఫ్రెడ్ జోర్డన్ రికార్డు గురించి చదివినప్పుడల్లా ఆ బీరువా గుర్తుకు వస్తుంది.

సంప్రదాయానికి హక్కుదారు

పాఠసమస్యతో ముడిపడినదే హక్కుల సమస్య. సాంప్రదాయిక గేయాన్ని రికార్డు చేసేటప్పుడు 'సంప్రదాయ గేయం, కూర్పు ఫలానావారు' అని రాసుకోవడం బ్రిటన్‌లో వాడుక. ఆ కూర్పుకు వచ్చే ప్రతిఫలం కూర్చినవారికి చెందుతుంది. పాట ఎవరినుంచి నేర్చుకొన్నారో వారికి చట్టరీత్యా వాటా ఉండదు. 'బ్లాక్‌వాటర్‌సైడ్' ప్రయాణం ఇందుకు తగిన ఉదాహరణ. అన్ బ్రిగ్స్ దానిని లాయిడ్‌నుంచి నేర్చుకొంది. ఆమెనుంచి నేర్చుకొన్న బర్ట్ జాన్ష్ గిటారుకు అపూర్వమైన వాద్యకల్పన చేసి 1966లో ట్రాన్స్అట్లాంటిక్ సంస్థకు రికార్డు చేశాడు. 1969లో లెడ్ జెపెలిన్ తొలి రికార్డులో 'బ్లాక్ మౌంటెన్ సైడ్' పేరుతో, విరామ్ జసాని తబలా సహకారంతో, ఆ కల్పనకు చాలా దగ్గరగా ఉన్న వాద్యగీతం వచ్చింది. రచన జిమ్మీ పేజ్‌దని అట్టమీద ఉంది. బ్రిగ్స్ తన గొంతుతో ఆ పాటను టాపిక్‌కు పాడింది ఆ తరవాత, 1971లో. లోకమంతా విన్న రూపం ఒకటి, దానికి దారితీసిన రూపం కొన్ని వందల ఇళ్ళలో మాత్రమే వినిపించింది.

1969లో బిల్ లీడర్ బయటికి వచ్చి లీడర్, ట్రైలర్ అనే రెండు ముద్రలను స్థాపించాడు. మొదటిది సాంప్రదాయిక గాయకులకు, రెండవది ఉద్యమ గాయకులకు. ఉత్తమమైన పని చేసినా అవి ఆర్థికంగా నిలవలేదు. చేతులు మారాయి. మారిన చేతుల్లో చాలా రికార్డులు దశాబ్దాలపాటు పునర్ముద్రణ లేకుండా ఉండిపోయాయి. గాయకుడు, గిటారు విద్వాంసుడు నిక్ జోన్స్ అనుభవం అందరికంటె బాధాకరమైనది. 1970లలో ఆయన ట్రైలర్‌కు పాడిన సంపుటాలు అంగడిలో దొరకకుండా పోయాయి. 1980లో టాపిక్‌కు పాడిన 'పెంగ్విన్ ఎగ్స్' మాత్రం దొరుకుతూ వచ్చింది. 1982లో జరిగిన కారుప్రమాదంలో ఆయన తీవ్రంగా గాయపడి, గిటారు వృత్తికి దూరమయ్యాడు. ఫలితంగా ఒక గొప్ప కళాకారుడి కృషి తరవాతి తరానికి దాదాపు ఒకే రికార్డుగా మిగిలింది. సంస్థ బతకడం, పాఠం బతకడం వేరువేరు విషయాలు కావని ఇక్కడ స్పష్టమవుతుంది. జెర్రీ షార్ప్ తరవాత టాపిక్ బాధ్యత తీసుకొన్న టోనీ ఎంగిల్ స్వయంగా పాడేవాడు, వాయించేవాడు. జూన్ టేబర్, మార్టిన్ కార్తీ, డిక్ గాన్ వంటివారి రికార్డులు ఆయన కాలంలోనే వచ్చాయి. వాటి వివరాల్లోకి ఈ వ్యాసంలో పోవడంలేదు.

పునఃపరిష్కరణ

1998లో రెజ్ హాల్ కూర్పుతో 'ది వాయిస్ ఆఫ్ ద పీపుల్' ఇరవై సంపుటాల్లో వచ్చింది. ఉద్యమ గాయకులు ఇందులో లేరు, అందరూ సాంప్రదాయిక గాయకులూ వాద్యకారులే. అప్పటికి వారిలో చాలామంది కీర్తిశేషులు. వస్తువును బట్టి సంపుటాలను విభజించడం పాత పది సంపుటాల పద్ధతే. కాని ఏ గాయకుడి పాట ఆ గాయకుడిదిగా వినిపిస్తుంది. అట్టపీఠిక స్థానంలో చిన్న పుస్తకం వచ్చింది. అందులో పాడినవారి జీవితం, వృత్తి, పాట ఎక్కడ నేర్చారన్న సమాచారం చోటుచేసుకొన్నాయి. మూడున్నర దశాబ్దాలకు ముందు లాయిడ్ పీఠికలో లోపించిన సమాచారం ఇదే. 2012లో పీటర్ కెనడీ సేకరణలనుంచి మరికొన్ని సంపుటాలు చేరాయి. ఒకే సంస్థ తన పూర్వపరిష్కరణలను తానే సవరించుకొన్నదని ఈ క్రమాన్ని చదవవచ్చు. అలాగని పాత సంపుటాలు చెల్లవని కాదు. లోమాక్స్, కెనడీలు అతికిన పాటలు విని ఒక తరం పాడడం నేర్చుకొంది. ఆ తరం పాడిన పాటలకు మూలం ఆ అతుకుల పాఠమే తప్ప, ఏ ఒక్క పల్లెటూరి గాయకుడి పాఠమూ కాదు. కాబట్టి 1960ల ఉద్యమాన్ని పరిశోధించేవారు అతికిన పాఠాన్ని, పల్లె గానాన్ని పరిశోధించేవారు తరవాతి సంపుటాలను ఆధారం చేసుకోవలసి ఉంటుంది.

'ది ఐరన్ మ్యూజ్'కూ ఇలాంటి గతే పట్టింది. 1993లో అదే పేరుతో వెలువడిన కాంపాక్ట్ డిస్కు 1963నాటి రికార్డుకు యథాతథమైన పునర్ముద్రణ కాదు. సంస్థ భాండాగారంలోని ఇతర రికార్డులనుంచి తెచ్చిన పాటలు అందులో చేరాయి, క్రమం మారింది. పేరు ఒకటే, పాఠాలు రెండు. ఇప్పుడు పరిశోధనా వ్యాసాల్లో 'ది ఐరన్ మ్యూజ్'ను ఉదాహరించేవారిలో కొందరు మొదటిదానిని, కొందరు రెండవదానిని విని రాస్తున్నారు. ఏది విన్నారో చెప్పడంలేదు.